ఎవరూ సీటు పట్టుకోని ఫోటో

తెనాలి నుంచి రేపల్లెకి రైలెక్కితే, పక్క సీటాయన తన అల్లుడి ఉద్యోగం గురించి పూర్తిగా చెప్పేలోపే ఊరొచ్చేస్తుంది. నేను బాపట్ల మీదుగా, సైకిల్ మీద, మూడు రోజుల్లో వెళ్లాను. దీన్ని సాహసం అనుకునేవాళ్లు ఉంటారేమోనని ముందే చెప్పేస్తున్నాను. దారిలో నన్ను దాటి వెళ్లినవాటిలో గడ్డిమోపు వేసుకున్న మోపెడ్ ఒకటి, పాల క్యాన్లు తగిలించుకున్న డెబ్బై ఏళ్ల పెద్దాయన సైకిల్ ఒకటి, ఒక కుక్క ఉన్నాయి. కుక్క నన్ను తరమలేదు. దాని పని మీద అది పోతోంది.

తెనాలి: ఇటుకతో బయల్దేరడం

సైకిల్ మా సుగుణత్తది. నాన్నకి అక్క, లెక్కల టీచరు. బాపట్లలో టీచర్ ట్రైనింగు చేసే రోజుల్లో కొనుక్కున్న లేడీస్ సైకిల్ అది. సెలవు రోజున దాని మీద సూర్యలంక సముద్రం దాకా వెళ్లొచ్చేదాన్నని చెప్పేది. తర్వాత తెనాలిలో మా ఇంట్లోనే ఉంటూ, మా వీధిలో పదకొండు మంది పిల్లలకి దాని మీదే తొక్కడం నేర్పింది. పన్నెండోవాణ్ణి నేను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అత్త సీటు పట్టుకుని వెనక పరిగెత్తింది, నేను తొక్కాను, కాలవలో పడ్డాను. ముందుపన్ను సగం విరిగింది. నోట్లో నెత్తురుతో ఇంటికొచ్చి ఒకే ఒక్క మాట చెప్పాను: "అత్త వదిలేసింది."

అబద్ధం కాదు. వదిలేసింది. వదిలేశాక నేను బ్రహ్మాండంగా మూడు కరెంటు స్తంభాలు దాటాను. అత్త ఉందా లేదా అని వెనక్కి తిరిగి చూసి, అప్పుడు పడ్డాను. ఆ మధ్యలో సంగతి చెప్పలేదు. నాన్న వీధి మధ్యలో నిలబడి, "పిల్లలు లేనిదానికి పిల్లల విలువేం తెలుస్తుంది" అన్నాడు. నేను దేని మీదైనా జోకు వేయగలను. ఆ మాట మీద వేసే జోకు పదిహేడేళ్లయినా దొరకలేదు.

ఆ ఏడే అత్త రేపల్లెకి బదిలీ అడిగి వెళ్లిపోయింది. సైకిల్ మా మెట్ల కింద వదిలేసింది. ఆ తర్వాత ఎవరి సీటూ పట్టుకోలేదు, తనూ తొక్కలేదు. క్రిస్మస్‌కి వస్తుంది, నవ్వుతుంది, తింటుంది, వెళ్తుంది. ఈ మధ్య ఫోన్లో అమ్మతో, "ఆ సైకిల్ ఇంకా ఎందుకు, పాత ఇనుముకి వేసేయండి" అంది.

అప్పటికి నేను మార్కెట్ యార్డు వెనక, తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా దాని మీదే తొక్కడం నేర్చుకున్నాను. ఫోన్ లాక్కుని చెప్పాను.

"అత్తా, నాకు సైకిల్ వచ్చేసింది."

"వెనకాల ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు."

"స్టెప్పులు చూపించు."

అత్త సంగతి అదీ. జవాబు ఒక్కటే రాస్తే సున్నా. సైకిల్‌ని రేపల్లెకి తొక్కుకెళ్లి ఇచ్చి, ఆ మూడు స్తంభాల సంగతి చెప్పాలని నిర్ణయించుకున్నాను. కానీ దారంతా ఆటోలో తెచ్చి సందు మొదట్లో ఎక్కావంటుంది. ఫోటో కావాలి. ఆ ఫోటో ఇంకొకళ్లు తీస్తే, తీసినవాడే పరిగెత్తుకొచ్చి సీటు పట్టుకున్నాడంటుంది. కాబట్టి ఫోటోలో నేను, సైకిల్, రోడ్డు తప్ప నరమానవుడు ఉండకూడదు. తీసేది కూడా నేనే అయ్యుండాలి.

దానికోసం రిమోట్ కొన్నాను. ఒక ముక్క కెమెరా నెత్తిన కూర్చుంటుంది, బటన్ ఉన్న రెండో ముక్క మన దగ్గరుంటుంది. ఆ బటన్ ముక్కని రబ్బరు బ్యాండ్లతో హ్యాండిల్‌కి, బొటనవేలు అందేచోట కట్టాను. కెమెరాని స్టాండు మీద పెట్టి, రోడ్డు వారన ఒక గుర్తు పెట్టి, ఫోకస్ దాని మీద బిగించేసి, దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చి, చక్రం గుర్తు దగ్గరికి రాగానే బటన్ నొక్కాలి. అంతే. గుర్తుకి రాయి పెట్టుకోమన్నాడు కెమెరాల కొట్టాయన. డెల్టాలో రాయెక్కడ దొరుకుతుంది? తవ్వినకొద్దీ మట్టే. అందుకని ఇంటి దగ్గర్నుంచే ఒక ఇటుకని క్యారియర్‌కి కట్టుకుని బయల్దేరాను. ఎవరెస్టెక్కేవాళ్లు బరువు తగ్గించుకోడానికి బ్రష్షు విరిచి సగమే తీసుకెళ్తారని విన్నాను. వాళ్ల పద్ధతి వేరు.

అమృతలూరు: హద్దు రాయి

వరికోతలు అయిపోయే రోజులు. రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో బస్సులు, ట్రాక్టర్లు, నేను. ఆడవాళ్లు వడ్లలో కాళ్లీడుస్తూ చాళ్లు తీస్తున్నారు. అమృతలూరు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా కనబడింది. స్టాండు వేశాను. ఇటుక పెట్టాను. వంగి కెమెరాలోంచి చూస్తున్నాను.

"ఏంటి బాబూ, మళ్లీ రోడ్డు వెడల్పు సర్వేనా?"

తలెత్తితే తలపాగా పెద్దాయన ఒకాయన. ఇటువైపు పొలం ఆయనదే.

"కాదండి. ఫోటో తీసుకుంటున్నాను."

"ముందు ఫోటోలే తీస్తారు. తర్వాత సర్వే. మాకు తెలీదా ఏంటి. మా వైపు ఎంత పోతుంది?"

"ఏం పోదండి. నా ఫోటో నేను తీసుకుంటున్నాను, సైకిల్ తొక్కుతున్నట్టు."

ఆయన ఇటుకని చూశాడు. "మరి ఆ హద్దు రాయేంటి?"

నేను చెప్పబోయేలోపే దాన్ని కాలితో మెల్లగా రోడ్డుకి అవతలి వైపు జరిపాడు. అవతలి పొలం ఆయన తమ్ముడిదట. తమ్ముడు గట్టు మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. వచ్చి, ఇటుకని చేత్తో తీసి, దుమ్ము దులిపి, మళ్లీ ఇవతల పెట్టి వెళ్లాడు. అన్నగారు జరిపాడు. తమ్ముడు మళ్లీ వచ్చాడు. అన్నదమ్ముల మధ్య నా ఇటుక మూడుసార్లు రోడ్డు దాటింది. ఆ రోజు నాకంటే అదే ఎక్కువ తిరిగింది.

తర్వాత మజ్జిగ వచ్చింది. సర్వే వాళ్లని ఊరికే పంపకూడదు. తాగుతూనే కెమెరా తెరిచి, అప్పటిదాకా తీసిన ఫోటోలు చూపించాను. ఖాళీ రోడ్డు, ముందు చక్రం, మళ్లీ ఖాళీ రోడ్డు. అన్నగారి ముఖంలో నమ్మకం, నిరాశ ఒకేసారి కనిపించాయి. ఇంత మజ్జిగ దండగయిందే అన్న చూపు అది.

వడ్లు తిరగేస్తున్న ఒకావిడ నడుం మీద చెయ్యేసుకుని, "ఫోటో తీసి పెట్టేవాళ్లు కూడా లేరా నాయనా నీకు? పాపం" అంది.

"ఉన్నారమ్మా. వాళ్లు తీస్తే మా అత్త నమ్మదు."

"పిల్లనిచ్చే అత్తా?"

"కాదమ్మా, మేనత్త."

"ఆవిడ నమ్మకపోతే ఏం, కూతుర్నిస్తే చాలుగా."

పక్కనున్నావిడ, "సైకిల్ మీదొచ్చేవాడికి ఎవరిస్తారే పిల్లని" అని, వడ్లలో కాళ్లీడుస్తూ వెళ్లిపోయింది.

అత్తకి కూతురు లేదని చెప్పలేదు. ఆ మాట మా ఇంట్లో ఒకసారి అనడమే ఎక్కువయింది.

సంగతి తెలిశాక మాత్రం వాళ్లు చేసిన సాయం అంతా ఇంతా కాదు. ట్రాక్టర్‌ని ఆపారు. మేకలని మళ్లించారు. "ఎవరూ పడకూడదండీ, జరగండి జరగండి" అంటూ ఒకరినొకరు పొలంలోకి తోసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నేను తొక్కాను, ఇటుక దగ్గర నొక్కాను. ఫోటో బాగా వచ్చింది. అందులో నేను, సైకిల్, నా వెనకాల రోడ్డు మీద పొడుగ్గా ఆరుగురి నీడలు ఉన్నాయి.

బాపట్ల: ఇటుకకి గది

సాయంత్రానికి బాపట్ల చేరాను. కాళ్లు నావి కావు. లాడ్జి ఆయన నా సామాను చూసి, "ఆ ఇటుక కూడా పైకేనా అండి?" అని అడిగాడు. అవునండి అన్నాను. పుస్తకంలో ఒక్కరే అని రాసుకున్నాడు.

బాపట్లలో రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఇరవై రూపాయలకి పొట్లం ఇస్తారు. ఇసక నేలల కాయ, గింజ తియ్యగా ఉంటుంది. మా తెనాలిలో అదే ఇరవైకి పొట్లం పెద్దది, కాయలు తక్కువ. మర్నాడు టిఫిను దగ్గర ఇంకో సంగతి గమనించాను. తెనాలిలో రెండోసారి చట్నీ అడిగితే వేస్తారు. రేపల్లెలో, ఇదివరకు వెళ్లినప్పుడు చూశాను, అడక్కముందే వేస్తారు. బాపట్లలో బకెట్టు బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. సముద్రం దగ్గరయ్యేకొద్దీ మనుషుల చెయ్యి పెద్దదవుతుందని ఒక సిద్ధాంతం తయారుచేశాను. సూర్యలంకలో రెండు ముక్కల చేప వేపుడుకి రెండొందల యాభై తీసుకునేదాకా అది నిలిచింది.

సూర్యలంక: ఇంకొకడి సీటు

నీటి అంచున తడి ఇసక గట్టిగా, సైకిల్ తొక్కడానికి బాగుంటుంది. పొద్దున్నే ఎవరూ ఉండరనుకున్నాను. ఒక పెళ్లి జంట, వాళ్ల ఫోటోగ్రాఫరు నాకంటే ముందే ఉన్నారు. పెళ్లికి ముందు తీయించుకునే ఫోటోలట. అబ్బాయిది చీరాల, బట్టల కొట్టు. అమ్మాయిది కారంచేడు, నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది.

ఫోటోగ్రాఫరు నా సైకిల్ చూడగానే కళ్లజోడు నెత్తి మీదికి ఎత్తాడు. "బ్రదర్, పాత లేడీస్ సైకిల్. ఎంత బాగుందో. ఓ అరగంట ఇస్తారా?"

ఇచ్చాను. అబ్బాయి ఎక్కాడు, అటే పడ్డాడు.

"మా ఆయనకి కారొచ్చండి. సైకిలే రాదు" అంది అమ్మాయి.

"ఇంకా పెళ్లి కాలేదు కదా, మా ఆయన అనకు" అన్నాడు అబ్బాయి, ఇసక దులుపుకుంటూ.

"సైకిల్ వచ్చాకే అనమంటే, ఇక అన్నట్టే."

ఫోటోగ్రాఫరు నా వైపు తిరిగాడు. "బ్రదర్, మీరు వంగి వెనకనుంచి సీటు పట్టుకుని పరిగెత్తండి. మిమ్మల్ని కంప్యూటర్లో తీసేస్తాను."

నన్ను తీసేయడం అంత తేలికని అప్పటిదాకా తెలీదు. సరేనన్నాను.

సీటు పట్టుకోవడం తొక్కడం కంటే కష్టం. అబ్బాయి బరువంతా నా మణికట్టు మీదుంది. అటు వాలితే ఇటు లాగాలి, ఇటు వాలితే అటు. "వదలకండి బ్రదర్, వదలకండి" అంటున్నాడు. మూడోసారి పరిగెత్తేటప్పుడు సీటు తేలికైపోయింది. చేతికే తెలిసిపోయింది, ఇక నాతో దీనికి పని లేదని. వేళ్లు తీసేశాను. అబ్బాయి మాత్రం, "వదలకండి బ్రదర్" అంటూనే వెళ్లిపోతున్నాడు. ఎదురుగా అమ్మాయి నిలబడి ఉంది కాబట్టి వెనక్కి చూడలేదు.

వదిలేశాక చేతిని ఏం చేయాలో తెలియలేదు. అలాగే గాల్లో చాపి, వాడి వెనకే పరిగెత్తాను. పడితే పట్టుకోవాలి కదా. అత్త కూడా ఇలాగే పరిగెత్తి ఉంటుందని అప్పుడు తట్టింది. వదిలేసి ఆగిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను వెనక్కి చూసింది ఆవిడ ముఖం కోసం. ఆ చెయ్యి చూసుకోలేదు.

ఇంత గొప్ప ఆలోచన వస్తున్నప్పుడు కింద చూసుకోవాలి. కాలు పీతల బొరియలో దిగబడి, బోర్లా నీళ్లలో పడ్డాను. అమ్మాయి వచ్చి మోచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం కాలేదులే అన్నయ్యా, లెగు" అంది. ఫోటోగ్రాఫరు నేను పడటం కూడా తీశాడు. అది కూడా కంప్యూటర్లో తీసేస్తానన్నాడు.

చెరుకుపల్లి దారి: బాతులు

మూడో రోజు కర్లపాలెం దాటి చెరుకుపల్లి వైపు వస్తున్నాను. అప్పటికి నా దగ్గర నూట నలభై ఫోటోలున్నాయి. నీడలున్నవి, లాడ్జి ఆయన చెయ్యూపుతూ పడ్డవి, చక్రం ఒక్కటే పడ్డవి. మనుషుల్లేకుండా కుదిరిన నాలుగైదింట్లో నేను కెమెరాకేసి చూసి ఇకిలిస్తున్నాను. ఇకిలించి నొక్కిన ప్రతిసారీ సైకిల్ వంకర పోయింది. ఎటు చూస్తే అటే పోతుంది సైకిల్. ఇది సుగుణత్త మొదటి పాఠం. తొమ్మిదేళ్లప్పుడూ ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కలేదు.

రేపల్లె దగ్గరపడుతోంది. స్టెప్పులు లేవు. ఖాళీ రోడ్డొకటి చూసి చివరిసారి అనుకుని స్టాండు వేశాను, ఇటుక పెట్టాను, దూరం వెళ్లి తొక్కుకుంటూ వచ్చాను. ఇటుక ఇంకా పది అడుగులుందనగా, కోసేసిన పొలంలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. ఒకటీ రెండూ కాదు, ఆగకుండా వస్తూనే ఉన్నాయి. రెండు చేతులతో బ్రేకు బిగించి పట్టేశాను. బాతులు నన్ను లెక్కచేయకుండా రోడ్డు దాటి అవతలి పొలంలోకి దిగాయి.

వెనకాల గెడకర్రతో వాటి మనిషి వచ్చాడు. నెల్లూరు వైపాయన. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరూ తిరుగుతాడట. "ఏం సామీ, తొక్కలేదుగా?" అని అడిగాడు. నా గురించి కాదు, సైకిల్ కింద బాతు ఏదైనా పడిందా అని.

కెమెరా చూసుకుంటే ఒక ఫోటో ఎక్కువుంది. బ్రేకు పట్టినప్పుడు బొటనవేలు బటన్ని కూడా నొక్కేసింది. ఇటుక దాకా రాలేదు కాబట్టి నేను కొంచెం మసగ్గా ఉన్నాను. నోరు తెరిచి ఉంది. కళ్లు మాత్రం తిన్నగా ముందుకే చూస్తున్నాయి. చుట్టూ మనిషన్నవాడు లేడు, బాతులే.

ఆయన కెమెరాలోకి తొంగి చూసి, ముందున్న బాతుని చూపించి, "ఇది కుంటిది. రోజూ ఇదే ముందు నడుస్తుంది" అని సంతోషపడ్డాడు. వెళ్తూ వెళ్తూ ఒక గుడ్డు ఇచ్చాడు. ఇటుక పక్కన గుడ్డు కట్టుకుని రేపల్లె వెళ్లడం ఎలాగో ఆలోచించి, చొక్కా జేబులో వేసుకున్నాను.

రేపల్లె: మార్కులు

అత్త గుమ్మంలో క్రిస్మస్ నక్షత్రం కడుతోంది. నన్ను చూసింది, సైకిల్‌ని చూసింది. దిగొచ్చి వెనక టైరుని బొటనవేలితో నొక్కి, "గాలి తక్కువుంది" అంది. అంతే స్వాగతం.

అన్నం పెట్టి, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కటే చూపించాను. అమృతలూరు ఫోటో చూసి, "ఆరుగురు" అని పక్కకి నెట్టింది. ఇకిలించిన ఫోటోలు చూసి, "పళ్ల డాక్టరుకి పంపు" అంది. బాతుల ఫోటో దగ్గర ఆగింది. పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, చాలాసేపు చూసింది.

"ముందుకు చూస్తున్నావే."

"బాతులొచ్చాయత్తా, అందుకని."

"కారణం అడగలేదు." కళ్లజోడు తీసింది. "బాతులు సీటు పట్టుకోవులే. పదికి తొమ్మిది."

"ఒకటెందుకు పోయింది?"

"నోరు మూసుకోలేదు."

నవ్వి ఊరుకోవచ్చు. మూడు రోజులు తొక్కింది అందుకు కాదు కదా.

"అత్తా, ఆ రోజు నువ్వు వదిలేశాక నేను మూడు స్తంభాలు దాటాను. వెనక్కి చూసి పడ్డాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు."

అత్త కంచం తీసి పక్కన పెట్టింది.

"నాలుగు" అంది.

"ఏంటి?"

"మూడు కాదు, నాలుగు స్తంభాలు. లెక్కపెట్టుకుంటూనే పరిగెత్తాను నీ వెనక."

"మరి నాన్నకి చెప్పలేదేంటి?"

"ఏం చూపించి చెప్పనురా? నా దగ్గర ఫోటో ఉందా?"

లేచి వంటింట్లోకి వెళ్లింది. పంపు తిప్పిన చప్పుడు వినబడింది. కంచాలు మాత్రం నా ముందే ఉన్నాయి.

నాన్నకి ఫోన్ చేశాను. బాతుల దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లి, స్తంభాల దగ్గర ఆపాను. అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది. "అక్క ఉందా అక్కడ?" అన్నాడు. ఫోన్ వంటింట్లోకి తీసుకెళ్లి ఇచ్చాను. నాన్న ఏమన్నాడో నాకు వినబడలేదు. అత్త వరసగా "ఊ" అంటూ విన్నది. ఒక "ఊ"కీ ఇంకో "ఊ"కీ మధ్య చాలా ఖాళీ ఉంది. చివరికి, "సర్లేరా. తిన్నావా?" అని పెట్టేసింది. మా ఇంట్లో క్షమాపణలు చెప్పుకోవడం, తీసుకోవడం ఈ పద్ధతిలోనే జరుగుతాయి. గుడ్డు పొరటు చేసి రాత్రికి చెరిసగం వేసింది.

పొద్దున్నే లేచేసరికి సైకిల్ వీధిలో ఉంది. రెండు టైర్లకీ గాలి కొట్టి ఉంది. అత్త చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది.

"ఇటుక పెట్టు" అంది.

స్టాండు వేసి, ఇటుక పెట్టి, రిమోట్ హ్యాండిల్ మీంచి విప్పి నా చేతిలో పెట్టుకున్నాను. "సీటు పట్టుకోనా అత్తా?" అని అడిగాను. అరవై నాలుగేళ్ల మనిషి, పదిహేడేళ్ల తర్వాత. అత్త నా వైపు ఎలా చూసిందంటే, ఆ మిగిలిన తొమ్మిది మార్కులు కూడా పోయాయేమో అనిపించింది.

వీధి మొదట్లోంచి వచ్చింది. చక్రం ఇటుక దగ్గరికి రాగానే నొక్కాను. నా స్పీడుకి అలవాటు పడ్డ బొటనవేలు అది. ఫోటోలో రోడ్డు వచ్చింది, ఇటుక వచ్చింది, కుడి అంచున జానెడు చీర కొంగు వచ్చింది. అత్త రాలేదు. అప్పటికే దాటిపోయింది.

కెమెరా వదిలేసి రోడ్డు మీదికొచ్చి స్తంభాలు లెక్కపెట్టాను. ఏడో స్తంభం దాకా అత్త కనబడింది. ఆ తర్వాత రోడ్డు మలుపు తిరిగింది.